సుబేదారికి సముద్రం లేదు, తుపాను ఉంది

మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే హనుమకొండ సుబేదారి నుంచి బంగాళాఖాతం దాదాపు 250 కిలోమీటర్లు. ఇక్కడి పిల్లలు అల చూడాలంటే సూర్యలంకకో మంగినపూడికో రైలెక్కి పోవాలి. అయినా 2025 అక్టోబరు 29న ఓరుగల్లు మునిగింది సముద్రం పంపిన నీళ్లలోనే. మొంథా తీవ్ర తుపాను 28వ తేదీ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. టీవీ కెమెరాలన్నీ కాకినాడ, కోనసీమ వైపే తిరిగి ఉన్నాయి. గండం గడిచిందని కోస్తా అనుకునే వేళకు ఇక్కడ ఎడతెగని వాన మొదలైంది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీళ్ల కిందికి పోయి రైళ్లు నిలిచిపోయాయి.

ఈ ప్రాంతానికి వచ్చే గాలివానలన్నీ ఒక జాతివి కావు. కొన్ని ఇక్కడి నేల వేడిలోనే పుట్టి గంటలో ముగిసిపోతాయి. కొన్ని ఎక్కడో సముద్రం మీద పుట్టి, రోజుల తరబడి నడిచి వస్తాయి. ఇంకొన్ని ఉండేది నిమిషాలే, కానీ అడవిని పడుకోబెట్టి పోతాయి. పుట్టుక తెలిస్తే దేనికి ఎలా భయపడాలో తెలుస్తుంది.

ముందు ఎండకాలం సంగతి. పొద్దున్నుంచి కాలిన నేల మధ్యాహ్నం మూడింటికల్లా తన మీది గాలిని వేడెక్కించి పైకి తోలుతుంది. అయితే వేడి ఒక్కటే చాలదు. చాలితే మే నెలంతా రామగుండంలో రోజూ వాన పడాలి. తేమ కావాలి. అది బంగాళాఖాతం నుంచి ఆగ్నేయపు గాలి మీద వస్తుంది. పడమటి నుంచి, మహారాష్ట్ర మీదుగా పొడిగాలి వస్తుంది. ఈ రెండు గాలులూ ఎదురుపడే గీత చాలాసార్లు విదర్భ నుంచి తెలంగాణ మీదుగా దక్షిణానికి సాగుతుంది. వాతావరణ శాఖ బులెటిన్లలో ‘ద్రోణి’ అని కనిపించేది ఎక్కువగా ఇదే. ఆ గీత వెంబడి తేమగాలికి పైకి పోవడం తప్ప దారి ఉండదు.

పైకి పోయిన గాలి చల్లబడుతుంది, ఆవిరి నీటిబొట్లవుతుంది. అసలు కథ ఇక్కడ మొదలు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. లీటరు నీటికి సుమారు 0.7 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి అది. ఆ వేడి గాలిని ఇంకా తేలిక చేస్తుంది, ఇంకా పైకి నెడుతుంది, ఇంకా ఆవిరి నీరవుతుంది. చూస్తుండగానే తెల్లటి మబ్బు 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, అడుగున నల్లబడుతుంది. క్యుములోనింబస్ అనే మేఘం ఇదే. పిడుగైనా, రాళ్లవానైనా, ఈదురుగాలైనా దీని కడుపులోంచే.

రాళ్లవానకు మేఘం ఎత్తే కారణం. మన దగ్గర సుమారు 5 కిలోమీటర్ల పైన గాలి సున్నా డిగ్రీలకు దిగిపోతుంది. అక్కడ నీటిబొట్లు సున్నా కంటే చల్లగా ఉండి కూడా గడ్డకట్టకుండా తేలుతుంటాయి. ఏ చిన్న మంచురవ్వ తగిలినా దానికి అంటుకుని క్షణంలో గడ్డకడతాయి. అర అంగుళం రాయిని గాలిలో నిలపాలంటే కింది నుంచి గంటకు 55 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి తన్నాలి. గాలి తన్నినంతసేపూ రాయి పెరుగుతుంది. మోయలేనంత బరువైనప్పుడు చేను మీద పడుతుంది. పడిన రాయిని వెంటనే కత్తితో కోసి చూస్తే ఉల్లిగడ్డలా పొరలు కనిపిస్తాయి: ఒకటి పాల తెలుపు, ఒకటి అద్దంలా. బుడగలు చిక్కుకుని చటుక్కున గడ్డకట్టిన పొర తెల్లనిది, నెమ్మదిగా గడ్డకట్టినది అద్దంలాంటిది. రాయి ఏయే చలిలో, ఏయే తేమలో తిరిగి వచ్చిందో ఆ పొరలే చెబుతాయి.

2022 జనవరిలో నర్సంపేట, పరకాల వైపు రైతులకు ఈ శాస్త్రం చెప్పే పని లేకపోయింది. కాయ ఎర్రబడే వేళ రాళ్లవాన మిర్చి తోటలను కొమ్మలతో సహా కొట్టేసింది. జనవరిలో రాళ్లేమిటని ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. కింద ఎండ అంతగా లేకపోయినా, పైపొరల్లో ఉత్తరాది నుంచి బాగా చల్లటి గాలి దిగి, కింద బంగాళాఖాతపు తేమ అందితే మేఘం లేవడానికి అది చాలు. కింది గాలికీ పై గాలికీ ఉండే తేడాయే లెక్క, క్యాలెండర్ కాదు.

మంచురవ్వలు, మెత్తటి మంచు గుళికలు ఒకదానికొకటి రాసుకుని మేఘంలో విద్యుదావేశాలు విడిపోతాయి. తేలికవి ధనావేశంతో పైకి, బరువువి రుణావేశంతో కిందికి. తేడా భరించలేనంతైనప్పుడు మెరుపు దూకుతుంది. అది పోయే దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీలకు వేడెక్కి పేలినట్టు విస్తరిస్తుంది. మనం వినే ఉరుము ఆ పేలుడు చప్పుడే. దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో ఉన్నవాళ్లు, చెట్టు కిందికి చేరినవాళ్లు. తుపానుకు వణికిపోయే మనం పిడుగును మాత్రం తలరాత లెక్కలో వేయడం ఎంతమాత్రం సరికాదు.

ఇక ఈదురుగాలి. పడుతున్న వానలో కొంత దారిలోనే ఆవిరవుతుంది, దాంతో చుట్టూ ఉన్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, బరువెక్కి కిందికి జారుతుంది. నేలను తాకాక పక్కలకు పరచుకుంటుంది. వానకు కాస్త ముందు సుబేదారి ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద దుమ్ము లేచి, ఫ్లెక్సీలు చిరిగి, కరెంటు పోయి, ఒంటికి చల్లగాలి తగిలేది అందుకే. ఎనుమాముల మార్కెట్లో కుప్పలు పోసిన రైతు టార్పాలిన్ కోసం ఉరికేది ఆ గాలి తగలగానే. ఆ చల్లగాలి కిందికి దిగాక మేఘానికి పైకి పోసే వేడిగాలి అందదు. గంట తిరక్కుండా మేఘం తనంతట తానే చస్తుంది.

కొన్నిసార్లు ఆ కిందికి దిగే గాలి జారదు, దూకుతుంది.

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వందల ఎకరాల్లో చెట్లు నేలకొరిగాయి. అటవీ శాఖ లెక్కలో అవి 50 వేలకు పైనే. అది టోర్నడోనా, లేక మేఘం నుంచి ఒక్కసారిగా దూకి నేలను కొట్టిన గాలా, అంటే డౌన్‌బర్స్టా అన్న చర్చ వెంటనే మొదలైంది. ఇలాంటి చిక్కుముడి విప్పే పద్ధతిని ప్రపంచానికి నేర్పింది టెట్సుయా ఫుజిటా అనే జపాన్ శాస్త్రవేత్త. అణుబాంబు పడిన నాగసాకిలో నష్టం సర్వే చేసినప్పుడు, ఒక కేంద్రం నుంచి అన్ని వైపులకూ బయటికి పడిన చెట్లను ఆయన చూశారు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత 1974లో అమెరికా టోర్నడోల నష్టాన్ని విమానం నుంచి పరిశీలిస్తూ, కొన్నిచోట్ల అదే తీరున పడిన చెట్లు గమనించారు. సుడి తిరిగే గాలి అయితే చెట్లు సన్నటి పట్టీలో, చిందరవందరగా, లోపలివైపు ఒరిగి పడతాయి. పై నుంచి దూకిన గాలి అయితే నడిమధ్య నుంచి బయటికి పడతాయి. 1975లో న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో దిగబోతూ కూలి వందమందికి పైగా చనిపోయిన విమానాన్ని పడగొట్టింది కూడా ఇలాంటి గాలేనని ఆయన తేల్చారు. మొదట చాలామంది నమ్మలేదు. ఇప్పుడు పైలట్లకు ఇది తప్పనిసరి పాఠం.

టోర్నడోకు కావలసింది వేరు. నేల మీద ఒక దిక్కున, పైన మరో దిక్కున, వేర్వేరు వేగాలతో గాలి వీస్తే మధ్య పొర అడ్డంగా దొర్లుతుంది. పైకి లేచే గాలి ఆ దొర్లే పొరను నిలువునా లేపితే మేఘమే తిరగడం మొదలుపెడుతుంది. ఇది మన దగ్గర అరుదు. పొరుగున బంగ్లాదేశ్‌లో మాత్రం 1989 ఏప్రిల్ 26న ఒక టోర్నడో సుమారు 1,300 మందిని చంపింది.

తాడ్వాయి గాలిలో గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ వేళకు బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం వైపు కదులుతోంది, అర్ధరాత్రి దాటాక తీరం చేరింది. ఆ వానలకే మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది, ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. పెద్ద వ్యవస్థ అంచుల్లో చిన్న, మొండి గాలులు పుట్టగలవు.

ఆ పెద్ద వ్యవస్థ పుట్టేది సముద్రం మీద. పైన యాభై మీటర్ల లోతు వరకు నీరు 26, 27 డిగ్రీలకు మించి వెచ్చగా ఉండాలి. భూమి తిరగడం వల్ల గాలి పక్కకు వంగాలి. భూమధ్యరేఖ దగ్గర ఆ వంపు లేదు కనుకే అక్కడ తుపాన్లు దాదాపుగా పుట్టవు. కింది గాలికీ పై గాలికీ వేగంలో పెద్ద తేడా ఉండకూడదు. టోర్నడోను పుట్టించే తేడాయే తుపానును చీల్చేస్తుంది. ఇవన్నీ కుదిరితే అల్పపీడనం వాయుగుండమవుతుంది, తర్వాత తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరితే తుపాను, 89 చేరితే తీవ్ర తుపాను, 118 చేరితే అతి తీవ్ర తుపాను. ఇంజన్ అదే: ఆవిరి వదిలే వేడి. కాకపోతే గంటలో ఆరిపోదు, కింద సముద్రం ఉన్నంతకాలం ఆవిరి అందుతూనే ఉంటుంది.

1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేల మందిని చంపింది ప్రధానంగా గాలి కాదు, ఊళ్ల మీదికి ఎగదన్నిన సముద్రం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరాన్నే తాకినా రాష్ట్రంలో మృతులు వందలోపే. ముందస్తు హెచ్చరిక, ఖాళీ చేయించడం, ఈ రెండూ చేసిన మేలు అది.

తీరం దాటాక తుపానుకు ఆవిరి అందదు. గాలి గంటల్లో నీరసిస్తుంది. కానీ అప్పటికే మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు. వ్యవస్థ నెమ్మదిగా కదిలితే ఆ నీళ్లన్నీ ఒకే చోట గుమ్మరిస్తుంది. మొంథా ఓరుగల్లు మీద చేసింది అదే. ‘బలహీనపడింది’ అని స్క్రోలింగ్‌లో రాసే మాట గాలికి వర్తిస్తుంది, వానకు కాదు. కోస్తాకు ముగింపు వార్త అయినది ఇక్కడ మొదటి వార్త కావాలి.

వానకు తుపాను బిరుదు కూడా అవసరం లేదు. జూలై, ఆగస్టుల్లో రుతుపవనాల కింది గాలులు పడమటి నుంచి, పై గాలులు తూర్పు నుంచి బలంగా వీస్తాయి. ఆ తేడా వల్ల బంగాళాఖాతంలో తుపాను కట్టడం కష్టం, అల్పపీడనంతోనో వాయుగుండంతోనో ఆగిపోతుంది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లు కురిపించింది అలాంటి అల్పపీడనమే. తెలంగాణలో ఒక్కరోజు వానకు అప్పటికి అదే రికార్డు. 2013లో వాజేడులో నమోదైన 51.75 సెంటీమీటర్లను అది దాటేసింది. సెంటీమీటరు వాన అంటే చదరపు కిలోమీటరుకు కోటి లీటర్లు. అంటే ఆ ఊరి ప్రతి చదరపు కిలోమీటరు మీదా ఒక్కరోజులో దాదాపు 65 కోట్ల లీటర్లు. మోరంచవాగు పక్కనున్న మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. రెండు రోజులకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది.

కాకతీయులు ఈ నేలను చెరువుల గొలుసుగా కట్టారు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండాలి. ఆ మధ్య దారుల్లో ఇప్పుడు కాలనీలున్నాయి. 2020 ఆగస్టు, 2023 జూలై, 2025 అక్టోబరు: మూడుసార్లూ హనుమకొండ లోతట్టు కాలనీలు మునిగాయి. ఇందులో మేఘం తప్పు సగమే.

తుపాను జాడ ఉపగ్రహాలకు మూడు నాలుగు రోజుల ముందే దొరుకుతుంది. క్యుములోనింబస్ సంగతి అలా కాదు. ఈ రోజు పడొచ్చని పొద్దున చెప్పగలరు, ఏ మండలంలో అన్నది రెండు మూడు గంటల ముందు రాడార్ చూస్తేనే తెలుస్తుంది. కనుక ఎండకాలం సాయంత్రాల్లో పొలానికి పోయేవాళ్లు పుణె వాతావరణ శాస్త్రజ్ఞుల దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోవాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి చేరాలి. తుపాను తీరం దాటిందని విన్న తర్వాత మరో రెండు రోజులు హైదరాబాద్ వాతావరణ కేంద్రం బులెటిన్‌లో మీ జిల్లాకు వేసిన రంగు చూడండి. నాలా పక్కన కింది అంతస్తులో ఉండేవాళ్లు ఆరెంజ్ హెచ్చరిక పడిన రాత్రే బండ్లు, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు పైకి చేర్చుకోండి, రెడ్ అయ్యేదాకా ఆగకండి.