ఎడారిలో ఏముంది?

ఎడారి అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? ఇసుక, ఎండ, ఒంటె. అంతే కదా! నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. కానీ ఇసుకలోనే పుట్టి, ఇసుకనే కప్పుకుని, సాయంత్రం అయ్యేసరికి ఘుమఘుమలాడే ఒక పువ్వు గురించి చదివాక నా ఆలోచన మారింది. ఆ సంగతి మీకూ చెబుదామని ఇది రాస్తున్నాను.

ఆ పువ్వు పేరు ఇసుక వెర్బినా. శాస్త్రీయ నామం అబ్రోనియా విల్లోసా. లాటిన్ భాషలో విల్లోసా అంటే నూగు కలది అని అర్థం. దీని ఆకులకు, కాడలకు సన్నని నూగు ఉంటుంది. పేరుకి వెర్బినాయే గానీ ఇది ఆ కుటుంబం మొక్క కాదు. మన ఇళ్ల దగ్గర సాయంత్రం పూసే చంద్రకాంత, గేటు మీద పాకే కాగితం పూలు, గట్ల మీద పెరిగే అటికమామిడి, ఇవే దీని చుట్టాలు.

దీని సొంత ఊరు అమెరికా దేశపు నైరుతి మూల. అక్కడి మోజావె, సొనోరా ఎడారుల్లో, పక్కనున్న మెక్సికోలో కూడా ఇది పెరుగుతుంది. రాళ్ల నేల కాదు, వదులు ఇసుక కావాలి దీనికి. ఇసుక దిబ్బల మీద, ఎండిపోయిన వాగుల్లో నేలకు అంటుకుని పాకుతుంది. కాలిఫోర్నియాలోని ఆన్జా-బొరెగో ఎడారి పార్కు దీనికి పేరుపడిన చోటు. అక్కడ ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 15 సెంటీమీటర్ల వానే. మన ఏజెన్సీలో 100 సెంటీమీటర్లు దాటి కురుస్తుంది. ఇక ఎండాకాలం అక్కడ 40 డిగ్రీలు దాటి కాస్తుంది.

మరి ఎలా బతుకుతుంది? కిటుకు విత్తనంలో ఉంది. ఇది ఏడాది మొక్క. ఎండలు ముదిరేలోపే పూసి, కాసి, ఎండిపోతుంది. విత్తనాలు మాత్రం ఇసుకలో పడి ఎదురు చూస్తాయి. శీతాకాలంలో చాలినంత వాన పడితేనే మొలకెత్తుతాయి. ఇలాంటి ఎడారి మొక్కల్లో ఇంకో తెలివి ఉంది. విత్తనాలన్నీ ఒకే వానకి మొలవవు. కొన్ని మిగిలిపోతాయి. ఈ ఏడు మొలిచినవి ఎండిపోయినా వంశం నిలవాలి కదా! రైతు గింజలన్నీ ఒకేసారి చల్లకుండా కొన్ని దాచుకున్నట్టు అన్నమాట. అందుకే కొన్నేళ్లు అక్కడ పువ్వే కనపడదు. 2005, 2017, 2019లో మంచి వానలు పడి, ఊదా గులాబి పూలు తివాచీ పరిచినట్టు పూశాయి.

దీని ఆకులు జిగురుగా ఉంటాయి. గాలికి ఎగిరే ఇసుక వాటికి అంటుకుపోతుంది. మొక్కకి అది మురికి కాదు, కవచం! సముద్రపు ఒడ్డున పెరిగే దీని చుట్టం మొక్క మీద కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు చేసిన పరీక్షలు 2016లో అచ్చయ్యాయి. ఇసుక తుడిచేసిన ఆకుల్ని పురుగులు ఎక్కువగా తిన్నాయి. ఇసుక ఉన్నవాటిని తక్కువ తిన్నాయి. అన్నంలో రాయి తగిలితే మనమేం చేస్తాం? పురుగూ అంతే.

ఇక వాసన సంగతి. ఎడారిలో పగలు ఎండ మండిపోతుంది. చాలా పురుగులు పొద్దుగూకాకే బయటికొస్తాయి. చీకట్లో దూరం నుంచి వాటిని పిలవాలంటే రంగు చాలదు, వాసన కావాలి. దీపం చుట్టూ తిరిగే లాంటి పెద్ద రెక్కల పురుగులు ఆ వాసన పట్టుకుని వచ్చి తేనె తాగుతాయి, పుప్పొడి మోస్తాయి. వాటిలో ఒక రకం పురుగుకి పుట్టే పిల్లలు ఇదే మొక్క ఆకులు తింటాయి. అర్జెంటీనా నుంచి ఉత్తరానికి వలసపోయే స్వెయిన్సన్ గద్దలు దారిలో అక్కడ దిగి ఆ పిల్లపురుగుల్ని తిని బలం తెచ్చుకుంటాయి. ఒక్క పువ్వు వెనక ఇంత సంసారం ఉంది.

ఈ పువ్వుకి కష్టాలూ ఉన్నాయి. సహారా ఆవ అనే పరాయి మొక్క అక్కడికి చేరి, ముందే మొలిచి నీళ్లు తాగేసి, దీనికి చోటు లేకుండా చేస్తోంది. ఖాళీ ఇసుకే కదా అని బండ్లు తోలేవాళ్ల చక్రాల కింద కూడా నలుగుతోంది.

ఇంకొక మాట. ఆ పార్కుకి 1774లో అటుగా వెళ్లిన ఆన్జా అనే స్పెయిన్ దళపతి పేరు పెట్టారు. అంతకు వేల ఏళ్ల ముందు నుంచి అక్కడ ఉన్నది కుమెయాయ్, కహుయ్యా ఆదివాసులు. ఎక్కడ నీరు దొరుకుతుందో, ఏది తినాలో వాళ్లకి తెలుసు. వాళ్లకి అది ఖాళీ నేల కాదు, ఇల్లు. మనల్నీ పట్నంలో అడుగుతుంటారు, "మీ అడవిలో ఏముంది?" అని. తెలియనివాడికి ఏ నేలయినా ఖాళీగానే కనపడుతుంది.

పోయిన ఆదివారం శ్రమదానంలో నేనే మన హాస్టల్ వెనక అటికమామిడి మొక్కల్ని పిచ్చిమొక్కలని పీకి పారేశాను. ఇంటికెళ్తే మా అవ్వ అదే ఆకు కూర వండుతుంది! అందుకే వార్డెన్ గారికి ఒక మనవి. ప్రహరీ పక్కన ఒక మూల పీకకుండా వదిలేయనివ్వండి సార్. ఈ వానాకాలం అక్కడ ఏమేం మొలుస్తాయో రాసుకుని, వాటి పేర్లు మా అవ్వనీ మీ అవ్వల్నీ అడిగి, వచ్చే గోడపత్రికలో పెడతాం.

మీ నేస్తం,
9వ తరగతి