మ్యాపు తప్పు... ప్రీమియం మనకు!

ఇల్లు నచ్చింది, లోన్‌ వచ్చింది. సంతకాలకు వారం ఉందనగా బ్యాంకు నుంచి మెయిల్‌: మీ ఇల్లు వరద ముప్పు ప్రాంతంలో ఉంది, బీమా తీసుకోవాల్సిందే! హ్యూస్టన్‌ పక్కన కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో ఇల్లు కొనుక్కునే తెలుగు కుటుంబాలకూ ఈ మెయిల్‌ రావచ్చు. 'మా గుమ్మం వీధికన్నా ఎత్తులో ఉందండీ' అంటే వినరు. మ్యాపులో గీత ఇంటి మీదుగా పోయింది మరి.

ఆ గీత గీసేది అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా. 1968 చట్టంతో జాతీయ వరద బీమా పథకం మొదలైంది. 1973లో ఇంకో చట్టం తెచ్చి, ఏడాదిలో ఒక శాతం వరద అవకాశమున్న చోట అప్పుతో కొన్న ఇంటికి బీమా తప్పనిసరి చేశారు. ఒక్క శాతమేగా అనుకోకండి, ముప్పై ఏళ్ల అప్పు తీరేలోపు అది 26 శాతం అవుతుంది.

అయితే ఆ మ్యాపు ఇంటింటికీ వెళ్లి నేల ఎత్తు కొలిచి గీసింది కాదు. చిన్న మిట్ట మీదున్న ఇల్లూ గీత లోపల పడిపోతుంది. తప్పు వాళ్లది, నిరూపించాల్సింది మాత్రం ఇంటి యజమాని. ఇదేం న్యాయమో!

లైసెన్సున్న సర్వేయర్‌ వచ్చి, గోడల చుట్టూ ఉన్న నేలలో అన్నిటికన్నా పల్లమైన చోటు కొలుస్తాడు. వరదమట్టం 98.2 అడుగులు, ఆ పల్లం 99.1 అనుకుందాం. ఆ దాదాపు పదకొండు అంగుళాలే మీ సాక్ష్యం. అది సహజంగా ఉన్న నేలై ఉండాలి; మట్టి పోసి ఎత్తు పెంచితే దారి వేరు, రుసుమూ ఉంటుంది. కాగితాలన్నీ అందాక రెండు నెలల్లో ఫెమా 'లోమా' అనే సవరణ పత్రం ఇస్తుంది. దానికి రుసుము లేదు, సర్వేయర్‌ ఖర్చే మనది.

లోమా వచ్చినంత మాత్రాన అప్పటికే కట్టిన ప్రీమియం తిరిగి రాదు. దాన్ని బ్యాంకుకు చూపించి, బీమా ఇక అక్కర్లేదని లేఖ రాయించుకోవాలి. రాసివ్వాలన్న నిర్బంధం బ్యాంకుకు లేదు, అదీ తిరకాసు! ఆ రెండూ ఏజెంటుకు ఇస్తే ప్రీమియం తిరిగిచ్చేది బీమా కంపెనీ. అదీ సాధారణంగా ఆ పాలసీ ఏడాదికే, ఆ ఏడాది క్లెయిమ్‌ ఏదీ లేకుంటేనే. పదేళ్లుగా కట్టిందంతా వస్తుందని ఆశపడొద్దు.

ఒక్కోసారి మ్యాపు సరిగ్గానే ఉంటుంది, బ్యాంకు దాన్ని చదవడంలోనే తప్పు. అప్పుడు బ్యాంకు కబురు అందిన 45 రోజుల్లోపు, బ్యాంకుతో కలిసి 80 డాలర్లు కట్టి ఫెమాను సమీక్ష కోరాలి.

రిఫండు అడగడం మీ హక్కు. కానీ పాలసీ వదులుకోవడం వేరే సంగతి. 2017లో హార్వీ తుపానుకు హ్యారిస్‌ కౌంటీలో లక్షన్నరకు పైగా ఇళ్లు మునిగితే, మూడింట రెండొంతులు ఆ గీతకు బయటివే. పోనీ పాలసీ ఉంచుకుందామంటే, లోమా చూపించి ప్రీమియం తగ్గించుకోవడమూ కుదరదు. 2021లో వచ్చిన కొత్త లెక్కలో ఇల్లు గీత లోపలుందా, బయటుందా అన్నదానితో ధరకు పనిలేదు. రద్దు చేసుకుని మళ్లీ కొంటే అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు. తుపాను అంత గడువివ్వదు.

అందుకే రద్దు కాగితం మీద సంతకం చేసేముందు, హార్వీ నీళ్లు మీ వీధిలో ఎక్కడిదాకా వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి.