హామీ ఒకరిది, సంతకం ఇంకొకరిది

విశాఖ ఉక్కును కాపాడతామని 2024 ఎన్నికల్లో రాష్ట్ర నాయకులంతా అన్నారు. ఎవరి అధికారంతో, ఎప్పటిలోగా అన్నది మాత్రం ప్రధాన పార్టీల నేతలెవరూ తేల్చి చెప్పలేదు. మళ్లీ ప్రచార రథాలు గాజువాక జంక్షన్‌కి రాకముందే ఆ లెక్క తీయాలి.

2024 ఏప్రిల్ 30న ఉండవల్లిలో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి మేనిఫెస్టో విడుదలైంది. అట్ట మీద చంద్రబాబునాయుడు, పవన్ కల్యాణ్ ఫొటోలున్నాయి. నరేంద్ర మోదీ ఫొటో లేదు. వేదిక మీదున్న బీజేపీ నేత సిద్ధార్థ్‌నాథ్ సింగ్‌కు ఒక ప్రతి అందించబోతే ఆయన పట్టుకోలేదు. ఈ దృశ్యాన్ని వైసీపీ ప్రచారాస్త్రంగా మలుచుకుంది. బీజేపీ ఏప్రిల్ 14నే జాతీయ స్థాయిలో తన మేనిఫెస్టో ఇచ్చిందని, రాష్ట్ర హామీలకు ఆ పార్టీ మద్దతు ఉందని కూటమి నేతలు సమాధానమిచ్చారు. వాదన పింఛన్లు, ఉచిత బస్సు, పథకాల ఖర్చు చుట్టూ తిరిగి అక్కడితో ఆగిపోయింది. విశాఖపట్నానికి మాత్రం అసలు ప్రశ్న ఆ అట్ట దగ్గరే మొదలవుతుంది.

ఎందుకంటే ఉక్కు ఫ్యాక్టరీ భవిష్యత్తు రాష్ట్రం చేతిలో లేదు. దాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో నూటికి నూరు శాతం వాటా కేంద్రానిది. ఆ వాటా మొత్తాన్ని, యాజమాన్య హక్కులతో సహా అమ్మడానికి 2021 జనవరి 27న కేంద్ర ఆర్థిక వ్యవహారాల క్యాబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఈ సంస్థలో రాష్ట్రానికి వాటా లేదని అదే ఏడాది మార్చిలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభకు చెప్పారు. అమ్మాలన్నా, వద్దనుకోవాలన్నా సంతకం పెట్టాల్సింది ఢిల్లీ. ఎన్నికల వేళ కాపాడతామని మాట ఇచ్చింది చంద్రబాబు, పవన్ కల్యాణ్. సంతకం చేయగల పార్టీ ప్రతినిధి ఉమ్మడి మేనిఫెస్టోనే చేతిలోకి తీసుకోలేదు. ఆ పుస్తకంలో ఏం రాశారన్నది తర్వాతి సంగతి. అది ఎవరి బాధ్యత లేకుండా బయటికొచ్చిందో ఓటరు ముందు చూడాల్సింది.

నేతలు అబద్ధం చెప్పారని ఇక్కడ ఆరోపణ కాదు. తమ చేతిలో లేని దానికి తామే పూచీ పడ్డారన్నది ఫిర్యాదు. ప్రచారంలో నాయకుడి మొదటి బాధ్యత తన అధికారం ఎంతవరకో చెప్పడం. ‘కాపాడతాం’ అనే మాటలో గడువు లేదు, డబ్బు లెక్క లేదు, జవాబుదారీ లేడు. అందుకే అది నెరవేరిందని వాదించవచ్చు, నెరవేరలేదనీ వాదించవచ్చు. ‘2021 నాటి నిర్ణయాన్ని కేంద్రం ఫలానా తేదీలోగా రద్దు చేయకపోతే మా పార్టీ ఈ పని చేస్తుంది’ అని ఉంటే, ఆ మాటను జనం నిలదీయగలిగేవారు.

ఇదే కొలత జగన్‌మోహన్‌రెడ్డికీ వర్తిస్తుంది. 2021 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రిగా ఆయన ప్రధానికి లేఖ రాశారు. సొంత గనులు కేటాయించమని, అప్పును వాటాగా మార్చమని అందులో ప్రత్యామ్నాయాలు చూపించారు. మే నెలలో అసెంబ్లీ తీర్మానం చేసింది. ఈ రెండూ మెచ్చుకోదగ్గవే. అప్పుడు ఆయన పార్టీకి లోక్‌సభలో 22 మంది సభ్యులున్నారు. 2022 రాష్ట్రపతి ఎన్నికలోనూ, 2023 ఆగస్టులో ఢిల్లీ సర్వీసుల బిల్లు మీదా వైసీపీ కేంద్రంతోనే నిలిచింది. ఆ మద్దతుకు బదులుగా ఉక్కు కోసం ఏం అడిగారు, ఏం సాధించారు అన్నది ఓట్లు అడిగేటప్పుడు వివరించాల్సింది. పవన్ కల్యాణ్ 2021 అక్టోబరు 31న ఫ్యాక్టరీ దగ్గర భారీ సభ పెట్టి, అఖిలపక్షం కోసం వారం గడువు విధించారు. ఆ గడువు కూడా రాష్ట్ర ప్రభుత్వానికే, కేంద్రానికి కాదు. ఈ ఇద్దరూ బీజేపీ మాటే వింటున్నారని విమర్శించిన రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షురాలు షర్మిల దగ్గరా ఒక జవాబు బాకీ ఉంది: 2004 నుంచి 2014 దాకా కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ తమ పార్టీయే ఉన్నప్పుడు సొంత గనులు ఎందుకు రాలేదు?

రాళ్లు, బొగ్గు

ప్రచారం వేడెక్కిన ఏప్రిల్ మధ్యలో ఏం జరిగిందో దగ్గరగా చూస్తే నేతల తీరు బాగా అర్థమవుతుంది. 13న విజయవాడలో జగన్‌కు రాయి తగిలింది. మర్నాడు గాజువాకలో చంద్రబాబు ప్రజాగళం సభలో ఉండగా ఆయన వైపు రాయి విసిరారు. ఎవరు వేయించారు, ఎవరు నటిస్తున్నారు అంటూ రెండు పక్షాలూ రోజుల తరబడి దుమ్మెత్తిపోసుకున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే గంగవరం పోర్టులో కాంట్రాక్టు కార్మికులు వేతనాల కోసం సమ్మెలో ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం విదేశాల నుంచి వచ్చిన కోకింగ్ కోల్ పోర్టు యార్డులో చిక్కుకుపోయింది. కన్వేయర్ బెల్టు ఆగి, కోక్ ఓవెన్లకు బొగ్గు కరువైంది. కోక్ ఓవెన్లు వేడి తగ్గితే దెబ్బతింటాయి కాబట్టి ఉత్పత్తి తగ్గించుకుంటూ నెట్టుకురావాల్సి వచ్చింది. చివరికి ఉక్కు యాజమాన్యం హైకోర్టు తలుపు తట్టింది.

ఇక్కడ రాష్ట్రానికి అధికారం లేదనడానికి వీల్లేదు. శాంతిభద్రతలు, కార్మిక శాఖ, కలెక్టర్ అందరూ రాష్ట్రం కిందివారే. పైగా గంగవరం పోర్టులో ఒకప్పుడు రాష్ట్రానికి 10.4 శాతం వాటా ఉండేది. దాన్ని 2021లో సుమారు 645 కోట్ల రూపాయలకు అదానీ సంస్థకు అమ్మేశారు. ఆ వాటా ఉండి ఉంటే సమ్మె జరిగేది కాదని ఎవరూ చెప్పలేరు. అయినా ఆ అమ్మకం సరైనదేనా, ఉక్కుకు బొగ్గు వచ్చే దారిని ఎలా కాపాడాలి అన్నది గాజువాక వేదిక మీద ప్రధాన చర్చ కావాల్సిన విషయం. రాయి దెబ్బ మీద మాట్లాడినంతసేపు బొగ్గు మీద మాట్లాడి ఉంటే, కార్మికులకూ ఫ్యాక్టరీకీ ఆ వారమే మేలు జరిగేది.

ఈ ఊరికి ఉక్కు ఎందుకంత ప్రాణమో అందరికీ తెలిసిందే. 1966 ఉద్యమం, అమృతరావు నిరాహార దీక్ష, కాల్పుల్లో 32 మంది బలిదానం, 1970లో ఇందిరాగాంధీ ప్రకటన, 1971లో శంకుస్థాపన, వేల కుటుంబాలు వదులుకున్న భూములు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం, ఆపై 73 లక్షల టన్నుల సామర్థ్యం, అయినా నేటికీ సొంత ఇనుప గని లేని లోటు. ప్రతి నాయకుడూ ప్రసంగంలో బలిదానాలను తలుచుకుంటాడు. గని సంగతికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది.

అభ్యంతరాలకు జవాబు

‘జనం తీర్పు ఇచ్చేశారు కదా’ అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, విశాఖ లోక్‌సభ స్థానంలో కూటమి అభ్యర్థి శ్రీభరత్‌కు 5 లక్షలు దాటిన మెజారిటీ వచ్చింది. గాజువాకలో అదే కూటమి అభ్యర్థి పల్లా శ్రీనివాసరావు 95 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. అయితే అమ్మకం నిర్ణయం వెలువడిన ఆరు వారాలకే, 2021 మార్చి నగరపాలక సంస్థ ఎన్నికల్లో 98 వార్డుల్లో 58 వైసీపీ గెలుచుకుంది. ఒకే ఊరు, ఒకే ఆందోళన, రెండు వేర్వేరు తీర్పులు. అంతా ఒకే హామీ ఇచ్చినప్పుడు ఓటరు దాని మీద ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి మిగతా కారణాల మీద ఓటు వేస్తాడు. ఆ మెజారిటీని ఉక్కు మీద ఇచ్చిన రాతపూర్వక అనుమతిగా ఏ పార్టీ చెప్పుకున్నా అది న్యాయం కాదు.

రెండో అభ్యంతరం బలమైనది. కూటమిలో ఉండబట్టే 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందని, తెర వెనుక ఒప్పించడమే అసలు పని అని అంటారు. ఇందులో సత్యం ఉంది. ఎన్నికల తర్వాత బీజేపీకి 240 స్థానాలే రావడం, తెలుగుదేశానికి 16 మంది ఎంపీలుండడం రాష్ట్రం మాటకు విలువ పెంచింది. మూలధనంగా వచ్చిన 10,300 కోట్లు ఫ్యాక్టరీకి ఊపిరి పోశాయి. ఆ మేలును తక్కువ చేయకూడదు. కానీ 2021 నిర్ణయం రద్దయిందన్న మాట ఆ ప్రకటనలో లేదు. ప్యాకేజీ వెంటే స్వచ్ఛంద పదవీ విరమణలు, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు నడిచాయి. ఈ షరతులతోనే కాపాడతామని ప్రచారంలో చెప్పి ఉంటే కూర్మన్నపాలెంలో ఓటేసిన కాంట్రాక్టు కార్మికుడు ఒప్పుకునేవాడో లేదో. ఆ ఎంపిక అతనికి దక్కలేదు.

మూడోది, సభల్లో ఇన్ని వివరాలు సాధ్యం కాదన్నది. వివరాలు రాయడానికే మేనిఫెస్టో ఉంది. సుబ్రమణ్యం బాలాజీ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోలకు ప్రత్యేక భాగం చేర్చింది. హామీకి హేతువు చూపాలి, నిధులు ఎక్కడివో స్థూలంగా చెప్పాలి, నెరవేర్చగలిగినవే ఇవ్వాలి అని అందులో ఉంది. ఉల్లంఘిస్తే శిక్ష లేదు, అంతే. దూషణలకు మాత్రం 2024లో చంద్రబాబుకూ జగన్‌కూ నోటీసులు వెళ్లాయి. తిట్టు మీద నోటీసు అందుతుంది, లెక్కలేని హామీ మీద అందదు.

కెనడా చూపే దారి, దాని హద్దులు

కెనడాలో పార్టీల హామీలకు ఎంత ఖర్చవుతుందో, పార్టీలు కోరితే పార్లమెంటు బడ్జెట్ అధికారి లెక్కగట్టి ఇస్తారు. 2019 ఎన్నికల నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. నేతల చర్చలను నడపడానికి 2018లో ప్రత్యేక కమిషన్ ఏర్పడింది. 2025 ఏప్రిల్ 16, 17 తేదీల్లో మార్క్ కార్నీ, పియెర్ పొలియెవ్ తదితర పార్టీ నేతలు ఒకే వేదిక మీద నిలబడి జవాబులు చెప్పారు. అమెరికా ఉక్కు సుంకాల దెబ్బకు ఆ దేశపు ఉక్కు పట్టణాలు కంగారు పడుతున్న సమయమది. అక్కడా తప్పించుకునే తీరు ఉంది. కన్జర్వేటివ్ పార్టీ ముందస్తు పోలింగ్ ముగిసిన మర్నాడు, ఏప్రిల్ 22న గానీ పూర్తి ప్రణాళిక విడుదల చేయలేదు. పోలింగ్ 28న. విలేకరులను తన ప్రచార విమానంలోకి ఆ పార్టీ నేత పొలియెవ్ రానివ్వలేదు. ఏర్పాటు ఉన్నంత మాత్రాన నేతలు మారిపోరు. అయితే తప్పించుకున్నప్పుడు అది అందరికీ కనబడుతుంది. మన దగ్గర అలా కనబడే చోటే లేదు.

ఇకపై అడగాల్సింది

వేదికలు మళ్లీ లేస్తాయి, కార్పొరేషన్‌కైనా, అసెంబ్లీకైనా. కార్మిక సంఘాలు, వర్తక సంఘాలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి పార్టీల నేతలను ఒకే వేదిక మీదికి పిలవగలవు. 2021 నిర్ణయం రద్దుకు మీ ఢిల్లీ నాయకత్వం రాతపూర్వకంగా ఒప్పుకుందా? సొంత గని ఏ తేదీలోగా వస్తుంది? కాపాడే క్రమంలో ఎంతమంది ఉద్యోగాలు పోతాయి? ఈ మూడింటికి జవాబు రాసి సంతకం చేయమనాలి. రాని నాయకుడి పేరు, జవాబివ్వని పార్టీ పేరు పోలింగ్‌కు ముందే ఊరంతా తెలియాలి. 32 ప్రాణాలు ధారపోసి తెచ్చుకున్న ఫ్యాక్టరీ గురించి ఓటరు అంతకంటే తక్కువకు ఒప్పుకోనక్కర్లేదు.