బేస్‌బాలు పుట్టుపూర్వోత్తరములు

బంతియాట పురుషుల సొత్తని తలంచువారు దండి దశకుమారచరితమునందలి కందుకావతిని మఱచినవారు. ఆ రాజకన్య ప్రజలందఱు చూచుచుండగా బంతి నాడుట ఆ దేశమునకు బండుగయై యుండెను. అమెరికా దేశస్థులు తమ జాతీయక్రీడగా నెంచుకొనిన బేస్‌బాలు విషయమునను ఇట్టి మఱపే కలిగినది. దాని పుట్టుకను గూర్చి యొక కట్టుకథ చిరకాలము నిజమై చెల్లినది. నిజమైన సాక్ష్యములలో కొన్ని యొక స్త్రీ వ్రాసిన జాబునందును, వేఱొక స్త్రీ రచించిన నవలయందును ఉన్నవి. ఆ వృత్తాంతమును సోదరీమణులకు నివేదింప దలంచితిమి.

ఆటను జూడనివారికై రెండు మాటలు చెప్పెదము. మైదానమున నొక చతురస్రము గీయుదురు. దాని మూల లొక్కొక్కటియు నొక 'బేసు', అనగా మజిలీ. జట్టునకు తొమ్మండుగురు. ఎదుటి జట్టువారు విసరిన బంతిని బ్యాటుతో గొట్టి, ఆటగాడు మజిలీ వెంట మజిలీ దాటుచు, బయలుదేరిన మూలకు మరల జేరినచో నొక పరుగు లెక్కకు వచ్చును. ఆ మూలకు 'హోము', అనగా నిల్లు, అని పేరు. ఇల్లు వెడలి క్షేమముగా నిల్లు చేరుటయే యీ యాట సారము.

ఇక కట్టుకథ. హెన్రీ చాడ్విక్కు అను పత్రికారచయిత ఇంగ్లండున జన్మించి అమెరికాలో స్థిరపడినవాడు. బేస్‌బాలు ఇంగ్లీషు పిల్లలాడు 'రౌండర్సు' ఆటనుండి పుట్టినదని యాతడు వ్రాసెను. పూర్వ మాటగాడై పేరొంది, పిమ్మట క్రీడాసామగ్రి వర్తకుడైన ఆల్బర్టు స్పాల్డింగున కీ మాట రుచింపలేదు. తమ ఆట తమ గడ్డపైననే పుట్టినదని స్థాపింపవలెనని యాతని పట్టుదల. ఆతని ప్రేరణమున 1905లో మిల్సు అనువాని యాధ్వర్యమున విచారణసంఘ మేర్పడెను. ఆబ్నరు గ్రేవ్సు అను వృద్ధుడు, న్యూయార్కు రాష్ట్రమందలి కూపర్స్‌టౌనులో ఆబ్నరు డబుల్‌డే యను నాతడు ఈ యాటను గల్పించెనని జాబు వ్రాసెను. సంఘమువారు దానినే నమ్మి, 1839లో ఆట పుట్టినదని 1907లో దీర్పు చెప్పిరి.

ఈ తీర్పునకు బలమెంత? 1839లో డబుల్‌డే వెస్టుపాయింటు సైనిక విద్యాలయమున విద్యార్థి. తరువాత నంతర్యుద్ధమున సేనానియై ఖ్యాతి గాంచి 1893లో గతించెను. కాని ఈ యాటను దాను కల్పించితినని యెన్నడును జెప్పుకొనలేదు. సాక్షి యగు గ్రేవ్సునకు 1839లో అయిదేండ్ల ప్రాయము! అయినను జాతిగర్వమునకు ఇంపుగా నున్న మాట గావున లోకము దానిని గైకొనెను. 1939లో బేస్‌బాలు వీరుల స్మారకమందిరమును గూపర్స్‌టౌనులోనే తెఱచిరి.

నిజ మట్లాంటికు సముద్రమున కావల, ఇంగ్లండునందు గలదు. 1744లో లండను ప్రచురణకర్త జాన్ న్యూబెరీ పిల్లలకై వెలువరించిన చిన్న పుస్తకమున 'బేస్‌బాలు' అను పేరుతో నొక పద్యమును జేర్చెను. 1748 నవంబరులో లేడీ హార్వే యను ప్రభువంశపు స్త్రీ తన జాబులో యువరాజు కుటుంబమువారి వినోదములను వర్ణించుచు, చలికాలమున వారొక పెద్ద గదిలో బేస్‌బాలు ఆడుదురనియు, స్త్రీలును పురుషులును గలసి యాడుదురనియు దెలిపెను. 1755 ఈస్టరు సోమవారమునాడు విలియం బ్రే యను యువకుడు సర్రీ మండలమున దానాడిన బేస్‌బాలును దినచర్యలో వ్రాసికొనెను. ఆతనితో నాడినవారిలో పలువురు కన్యల పేర్లున్నవి. ప్రసిద్ధ నవలాకర్త్రి జేన్ ఆస్టెను 1798, 1799 ప్రాంతమున రచించిన 'నార్తాంగరు ఆబీ'లో కథానాయిక పదునాలుగేండ్ల ప్రాయమున పుస్తకములకంటె క్రికెట్టును, బేస్‌బాలును, గుఱ్ఱపుస్వారిని ఎక్కువగా మక్కువపడెను. డబుల్‌డే పుట్టుటకు రెండు దశాబ్దులకు పూర్వపు మాట యిది.

ఇంగ్లండునుండి తరలివచ్చిన కుటుంబములతో పిల్లల యాటలును సముద్రము దాటినవి. 1791లో మసాచుసెట్సునందలి పిట్స్‌ఫీల్డు గ్రామస్థులు, క్రొత్తగా గట్టిన సభామందిరపు గాజుకిటికీలు పగులకుండుటకై, దానికి 80 గజముల లోపల బేస్‌బాలు మొదలగు నాటలను నిషేధించిరి. డబుల్‌డే 1819లో జన్మించెను. ఆతడు పుట్టకమునుపే ఆతని 'సృష్టి'ని నిషేధించుట సాధ్యమా?

అట్లని అమెరికావారి కృషి స్వల్పము గాదు. పిల్లలయాటను బెద్దల క్రీడగా దిద్దినవారు వారే. 1845 సెప్టెంబరులో న్యూయార్కునందలి నికర్‌బాకరు సంఘమువారు నియమములను వ్రాసికొనిరి. అంతకుమున్ను పరుగిడువానిని బంతితో గొట్టి యాటనుండి తొలగించు వాడుక యుండెడిది. దానిని వీరు మాన్పిరి. దేహమునకు దెబ్బతగులునను భయము తొలగగానే బంతి గట్టిపడెను, దూరము పోయెను, ఆట వేగము పెరిగెను. 1846 జూన్ 19న హోబోకెనులో వీరే మఱియొక జట్టుతో బోటీపడి, 23 పరుగులకు 1 పరుగుగా నోడిపోయిరి! 1857లో సంఘములు పెక్కు సమావేశమై, తొమ్మిది వంతుల యాటను, మజిలీకి మజిలీకి 90 అడుగుల దూరమును నిర్ణయించిరి. 1869లో సిన్సినాటి జట్టు ఆటగాండ్రందఱికి బహిరంగముగా జీతము లిచ్చెను. 1876లో 'నేషనలు లీగు' స్థాపితమయ్యెను.

ఆట జీతపు పనియైన కొలదియు స్త్రీలు ప్రేక్షకుల వరుసకు జరుపబడిరి. ఐనను వారు పూర్తిగా మానలేదు. 1866లోనే వాసరు స్త్రీకళాశాల విద్యార్థినులు రెండు జట్లుగా నేర్పడి యాడిరి. రెండవ ప్రపంచయుద్ధమున పురుషులు సేనలలో జేరగా 1943లో స్త్రీల వృత్తిజట్ల లీగు బయలుదేరెను. ఆ యువతులు పొట్టి లంగాలు ధరించి యాడవలసియుండుటచే, మజిలీ జేరుటకు నేలమీద జాఱునపుడు కాళ్లు చెక్కుకొనిపోయెడివి. 1954 వఱకు నది నడచెను.

కట్టుకథను ఖండించుచు గ్రంథాలయోద్యోగి రాబర్టు హెండర్సను 1947లో గ్రంథమును బ్రకటించెను. బ్రే దినచర్యలోని పుట 2008లో నిజమైనదని నిర్ధారితమయ్యెను. విచారణసంఘపు తీర్పుకంటె ఒక స్త్రీ వ్రాసిన జాబు బలవత్తరమైన సాక్ష్య మయ్యెను. లేడీ హార్వే చరిత్ర వ్రాయుదునని తలంచి కలము పట్టలేదు, ఇంటి ముచ్చట వ్రాసినది.

సోదరీమణులారా! మన పెట్టెలలో నవ్వగారి జాబులు, పద్దుల పుస్తకములు, పెండ్లిపాటల వ్రాతప్రతులు ఎన్ని గలవో! ఏ యాట ఎట్లాడిరి, ఏ పండుగ కేమి వండిరి యను సంగతులు రాజుల చరిత్రలలో దొరకవు. పండుగకు నిల్లు దులుపునపుడు వానిని బొయ్యిలో వేయుటకు ముందొకసారి విప్పి చదువుడు.