ఇంట కూర్చుండి నేర్చే కొత్త విద్య

చదువంటే డాక్టరు చదువు, ఇంజనీరు చదువు, ఆ రెండూ అందకపోతే బి.కాం. అని లెక్క కట్టిన రోజులు పోయినవి. పేరు విన్నా పెద్దలకు అర్థం కాని చదువులు నేడు మన పిల్లల నోట వినబడుతున్నవి. వాటిలో ఒకటి 'ఇంటరాక్షన్ డిజైన్'. పగలు వేలూరు కాలేజీలో బి.సి.ఏ.యో బి.కామో చదివి, సాయంత్రం కాట్పాడిలో రైలెక్కి గుడియాత్తం చేరి, రాత్రి భోజనమైన తరువాత ఇంట కూర్చుండి ఈ విద్యను దూరాన్నుంచే నేర్చుకుంటామనే పిల్లలు మనలోనూ వున్నారు. "ఇదేమి చదువు? ఇంట్లో కూర్చుంటే వస్తుందా? దీనితో అన్నం పుడుతుందా?" అని తలిదండ్రులు అడగడం న్యాయమే. ఆ మూడు ప్రశ్నలకూ తెలిసినంతలో జవాబు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

మనిషి ఒక యంత్రాన్ని ముట్టుకున్నప్పుడు అది అతనికి ఏమి చూపాలి, ఏమి బదులు చెప్పాలి, అతను తప్పు నొక్కితే ఎట్లా సర్దుకోనివ్వాలి అని ముందుగా ఆలోచించి తీర్చిదిద్దడమే ఈ విద్య. మనందరికీ తెలిసిన ఉదాహరణ ఓటు యంత్రం. అక్షరం రానివారు సైతం గుర్తు చూసి పక్కనున్న నీలిరంగు మీట నొక్కుతారు. ఎర్రదీపం వెలుగుతుంది, శబ్దం వస్తుంది. ఇప్పుడైతే గాజు వెనుక చీటీ కూడా ఏడు సెకన్లు కనబడుతుంది. "నా ఓటు పడింది" అనే నమ్మకం ఆ దీపమూ శబ్దమూ చీటీ కలిగిస్తున్నవి. ఆ యంత్రానికి రూపం దిద్దినవారు బొంబాయి ఐ.ఐ.టి. లోని డిజైన్ కేంద్రపు ఆచార్యులు ఎ.జి. రావు, రవి పూవయ్య గారలు.

ఈ విద్యకు ఆ పేరు పెట్టినవారు బిల్ మాగ్రిడ్జ్, బిల్ వెర్‌ప్లాంక్ అనే ఇద్దరు. అది 1980ల నడిమి మాట. మాగ్రిడ్జ్ ఇంగ్లండు దేశస్థుడు. 1982లో వెలువడిన 'గ్రిడ్ కంపాస్' అనే మడత కంప్యూటరుకు ఆకారం దిద్దినవాడు. తీరా తానే దానిని వాడడం మొదలుపెట్టిన తరువాత, పెట్టె అందం క్షణంలో మరుపుకు వచ్చి, తెర మీద జరిగే వ్యవహారమే తనను పట్టి వుంచినదని గ్రహించినాడు. అప్పటినుంచి పెట్టెను గాక వ్యవహారాన్ని దిద్దడమే పనిగా పెట్టుకున్నాడు. 1988లో డొనాల్డ్ నార్మన్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు ఒక గ్రంథం రాసి, తోయాలో లాగాలో తెలియని తలుపు దగ్గర మనిషి తడబడితే అది మనిషి తెలివితక్కువ కాదు, తలుపు చేసినవాని లోపమని వాదించినాడు. ఈ చదువుకు ప్రాణం ఆ మాటలోనే వున్నది.

మన దేశంలో డిజైన్ చదువుకు అహమ్మదాబాదు సంస్థ 1961లోనూ, బొంబాయి ఐ.ఐ.టి. కేంద్రం 1969లోనూ పుట్టినవి. హైదరాబాదు ఐ.ఐ.టి.లో డిజైన్ శాఖ వున్నది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైన్ సంస్థ 2015లో గుంటూరు దగ్గర మొదలైనది. కాని అక్కడ సీట్లు కొద్ది, పోటీ మెండు, ఇల్లు విడిచి వుండే ఖర్చు సామాన్యం కాదు. కాబట్టే దూరవిద్య మాట వచ్చినది.

దూరవిద్య మనకు కొత్తది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే తపాలా ద్వారా పాఠాలు పంపినది. 1982లో హైదరాబాదులో దేశంలోకెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినది. 2003లో ఐ.ఐ.టి.లూ బెంగుళూరు విజ్ఞానసంస్థా కలసి 'ఎన్.పి.టి.ఇ.ఎల్.' అనే పథకం ప్రారంభించి ఆచార్యుల పాఠాలను అందరికీ ఉచితంగా వినిపించసాగినవి. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టూ ఇస్తున్నవి. 2017లో కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' వచ్చినది. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు వేలూరు కాలేజీల పాఠాలు కూడా ఫోనులోకే వచ్చినవి గదా! ఆనాడు తప్పనిసరియై నేర్చిన అలవాటు ఇప్పుడు కోరి నేర్చుకునే చదువుకు పనికివస్తున్నది.

తలిదండ్రులు గమనించవలసినవి కొన్ని వున్నవి. ఎన్.పి.టి.ఇ.ఎల్.లో మనిషికీ కంప్యూటరుకూ మధ్య వ్యవహారాన్ని గురించిన పాఠాలు వున్నవి. వినడానికి రుసుము లేదు, పరీక్ష రాస్తేనే రుసుము. వారం వారం ఇచ్చే లెక్కలకు నూటికి 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. 'స్వయం'లో సంపాదించిన మార్కులను ఒక డిగ్రీలో నూటికి 40 వంతుల దాకా కాలేజీ కలుపుకోవచ్చునని యు.జి.సి. 2021లో నిబంధన చేసినది. ఐతే కాలేజీ ఒప్పుకోవాలి. కనుక చేరకముందే ప్రిన్సిపాలు గారిని అడిగి తెలుసుకోవడం మంచిది. పిల్లకు నిజంగా ఇందులో పట్టు దొరికితే, మూడేండ్ల డిగ్రీ ఏ శాఖలో చదివినా సరే, 'సీడ్' అనే పరీక్ష రాసి బొంబాయి వంటి చోట్ల ఎం.డిజైన్ చదవడానికి ప్రయత్నించవచ్చు.

ఇక అన్నం మాట. సర్టిఫికెట్టు ఒక్కటే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. "నీవు చేసిన పని చూపించు" అంటారు. ఏ చిక్కు చూసినావు, ఎవరిని అడిగినావు, మొదట ఏమి గీసినావు, ఎందుకు మార్చినావు అని వరుసగా చూపే సంపుటిని పోర్ట్‌ఫోలియో అంటారు. అది లేనివానికి పది సర్టిఫికెట్లున్నా ప్రయోజనం లేదు. ఇంట కూర్చుండి చదివేవారికి వచ్చే కష్టం ఇక్కడే. భుజం మీదుగా తొంగిచూసి "ఇది బాగులేదు" అనే గురువు పక్కన వుండడు, వాదించే సహపాఠి వుండడు. ఒడ్డున కూర్చుండి ఈత చూసినట్లు పాఠాలు చూస్తూ పోతే ఏడాది గడిచినా చేయి తడవదు.

దీనికి విరుగుడు ఈ విద్యలోనే వున్నది. దీని మూలం మనుషులను కనిపెట్టి చూడడం. ఒక నమూనాను ఐదుగురి చేత వాడించి చూస్తే లోపాలలో చాలా భాగం బయటపడతవని జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాసినాడు. ఐదుగురు మనుషులు గుడియాత్తంలో ఒక్క ఇంట్లోనే దొరుకుతారు!

అక్కడ నాకు బంధువుల ఇల్లు ఒకటి వున్నది. ఆ ఇంటి అమ్మాయి కాలేజీలో రెండవ సంవత్సరం చదువుతూ ఈ పాఠాలు వింటున్నది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి, ఫోను తెరలను ఒక్కొక్క కాగితం మీద గీసి అవ్వ ముందు పరచి కూర్చున్నది. కరెంటు బిల్లు కట్టే పని.

"అవ్వా, బిల్లు కట్టల్లంటే యాడ నొక్కుతావు?"

"ముందు ఇది ఏమడగతా ఉండాదో చెప్పు పాపా."

"నేను చెప్పకూడదవ్వా. నువ్వే చూసి చెప్పల్ల."

మొదటి కాగితం మీద తమిళం, ఇంగ్లీషు, తెలుగు అని మూడు మీటలు వున్నవి. అవ్వ తమిళం చదవగలదు. తెలుగు అక్షరాలను పోల్చగలదే గాని చదవలేదు. వేలు తెలుగు మీదికి పోయి, తమిళం మీదికి వచ్చి, నడుమ నిలిచిపోయినది.

"మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది అరవం. దీనికి ఏది కావల్ల?"

ఆ పిల్ల మారు మాట్లాడక నోటుబుక్కులో రాసుకున్నది. మరుసటి వారం ఒక ప్రశ్నను రెండు చేసింది: చదవడానికి ఏ భాష, వినడానికి ఏ భాష అని. అవ్వ సులభంగా దాటింది గాని తాతకు రెండు ప్రశ్నలు గందరగోళమైనవి. అప్పుడు ఒకదాని పక్కన కన్ను బొమ్మా, రెండవదాని పక్కన చెవి బొమ్మా గీసింది. తాత కూడా దాటినాడు.

ఇందులో మనం తెలుసుకోవలసినది వున్నది. తెలుగు మాట్లాడి తమిళం చదివే మనవంటి కుటుంబాలు ఎన్నో తరాలుగా ఇక్కడ వున్నవి. కాని ఎక్కడో దూరాన తెర గీసేవానికి మనమున్నట్లే తెలియదు. గుమాస్తా పనిలో నేను రోజూ చూసేది మరొకటి. కంప్యూటరు ఫారం మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు చూపి, రెండూ నింపితే గాని కదలదు. మన తాతల నాటి ఇంటిపేరు ముందు వచ్చేది. ఇక్కడి వాడుకలో తండ్రి పేరు మొదటి అక్షరమే ముందు. ఒకే మనిషికి ఒక కార్డులో ఒక పేరు, మరొక దానిలో మరొక పేరు పడి, పింఛను వేళ పెద్దలు తిరగవలసి వస్తున్నది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం ఒక్కటి వచ్చి పడితే ఐఫోనులో సందేశాల అంగళ్లు మూతపడినవి. ఆ నెలలోనే కంపెనీ సరిచేసినది. మన భాషను, మన అలవాట్లను ఎరిగినవారు ఆ పనుల్లో వుంటే ఇటువంటివి ముందే కంటబడవా?

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. యు.పి.ఐ. 2016లో వచ్చినది. డబ్బు పంపడానికే పిన్ను కావాలి, పుచ్చుకోవడానికి అక్కరలేదు. ఈ సంగతి తెలియని ముసలివారితో పిన్ను కొట్టించి మోసగాళ్లు దోచుకుంటున్నారు. "ఇప్పుడు మీ డబ్బు పోతున్నది" అని తెర మీద అవ్వకు అర్థమయ్యే మాటలో, సరైన క్షణంలో చెప్పగలగడం ఈ చదువు చదివినవారి పని.

కాబట్టి పిల్లలకు నా మనవి: డిగ్రీ మానవద్దు, దానితోపాటు దీనిని చదవండి. వారానికి ఒక పాఠమైనా మనుషుల మధ్య పరీక్షించండి. బస్సుస్టాండు, రేషను అంగడి, ఆసుపత్రి టోకెను కిటికీ అన్నీ మీకు బడులే. అడిగి, అనుమతి పొంది చూడండి. పెద్దలకు మనవి: మనుమరాలు కాగితపు ఫోను తెచ్చి ముందు పెడితే "నాకేం తెలుసు" అని తోసివేయకండి. మీకు తెలియకపోవడమే ఆమెకు కావలసినది. సంఘం కూడిన ఆదివారాల్లో అటువంటి పిల్లలకు ఒక మూల బల్ల వేసి, పెద్దలు తలా పది నిమిషాలు కూర్చుంటే, ఖర్చు లేకుండా వారి చదువు ముందుకు సాగుతుంది.