కంచె లోపలి వైద్యం



మా చర్మవ్యాధుల విభాగంలో ఒకరికి కుష్ఠువ్యాధి అని తేలిన రోజున మేము తరచు వినే మొదటి ప్రశ్న, "నన్ను ఎక్కడికైనా పంపేస్తారా అండీ?" అని. మందు గురించి, ఖర్చు గురించి ఆ తరువాత అడుగుతారు. ఎవరినీ ఎక్కడికీ పంపరు, ఇంట్లోనే ఉండి మాత్రలు వేసుకోవచ్చు అని చెబుతాం. సరేనని తల ఊపుతారు గాని ముఖంలో భయం పోదు. పెద్దరోగం వచ్చినవాళ్లను ఊరవతల ఉంచేవారని తాతల కాలం నుండి విన్న మాట అంత తేలికగా పోదు కదా.

ఆ భయాన్ని మూఢనమ్మకమని మేము తీసిపారేయము. దానికి పెద్ద చరిత్రే ఉంది. దాదాపు వంద సంవత్సరాల పాటు ఎన్నో దేశాలలో ప్రభుత్వాలు ఈ రోగులతో ఒక బేరం చేశాయి. నీ స్వేచ్ఛ మాకు అప్పగించు, గది, భోజనం, వైద్యం ఉచితంగా మేమిస్తాం, ఊరికి కూడా భద్రంగా ఉంటుంది అన్నాయి. రోగిని అడిగి కుదుర్చుకున్న బేరం కాదది.

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున కార్విల్ అనే చోటు ఉంది. 1894లో ఏడుగురు రోగులను న్యూ ఆర్లీన్స్ నగరం నుండి బొగ్గు పడవలో రాత్రివేళ అక్కడికి చేర్చారు. దింపింది పాడుబడిన ఒక తోటలో. ఒకప్పుడు బానిసలు కాపురమున్న గుడిసెలే వారికి వార్డులయ్యాయి. 1896లో నలుగురు కన్యాస్త్రీలు వచ్చి వారికి పరిచర్య మొదలుపెట్టారు. 1921లో కేంద్ర ప్రభుత్వం ఆ ఆసుపత్రిని తన చేతిలోకి తీసుకున్నది. అప్పటినుండి భవనాలు పెరిగాయి, భోజనం మెరుగైంది, డాక్టర్లు వచ్చారు. కంచె మాత్రం అలాగే ఉంది.

ఆ కంచె లోపలికి వెళ్లేటప్పుడు చాలామంది తమ పేరు మార్చుకునేవారు, ఇంటివాళ్లకు చెడ్డపేరు రాకూడదని. అక్కడి రోగులకు ఓటు లేదు, 1946లో గాని తిరిగి రాలేదు. రోగులు ఒకరినొకరు పెళ్లి చేసుకోవడానికి చాలాకాలం అనుమతి లేదు. వారు రాసిన ఉత్తరాలను వేడిచేసి క్రిములు చంపామనుకున్న తరువాతే బయటికి పంపేవారు. కంచెకు ఉన్న కంత గుండా పారిపోయి దొరికినవారికి ఆసుపత్రి ఆవరణలోనే జైలు ఉండేది.

2020లో కరోనా రోజుల్లో మనకూ ఈ రుచి కొంచెం తెలిసింది. క్వారంటైన్ గదిలో పడుకుని 14 రోజులు లెక్కపెట్టినవారు మన సంఘాలలో ఎంతోమంది ఉన్నారు. అయితే మన లెక్కకు చివర ఉంది. కార్విల్‌లో ఒక రోగి ఇంటికి వెళ్లాలంటే నెలకొకటి చొప్పున వరుసగా 12 నెలలు పరీక్షలో క్రిమి కనబడకూడదు. పదకొండో నెలలో కనబడిందా, మళ్లీ ఒకటి నుండి మొదలు. రోగం తగ్గిందో లేదో అన్న ఆదుర్దా కంటే ఆ లెక్కే మనిషిని ఎక్కువ నలిపి ఉంటుందని మాకు అనిపిస్తుంది.

అక్కడ జరిగిన మేలును మరుగుపరచడం న్యాయం కాదు. కుష్ఠువ్యాధికి నిజంగా పనిచేసిన మొదటి మందు, ప్రోమిన్ ఇంజెక్షన్, 1941లో కార్విల్ రోగులకే మొదట ఇచ్చారు. అదే సంవత్సరం అక్కడి రోగి స్టాన్లీ స్టీన్ 'ది స్టార్' అనే పత్రికను తిరిగి ప్రారంభించాడు. పూర్వం ఆయన మందుల షాపు నడిపినవాడు. వ్యాధి వల్ల చూపు పోయినా పత్రిక మానలేదు. మేము రోగులమే గాని నేరస్థులం కాదు అని లోకానికి నచ్చజెప్పడానికే దానిని నడిపాడు. మన దక్షిణ దేశంలో కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరులో రోగుల వంగిపోయిన వేళ్లకు ఆపరేషన్లు చేసి, 1966లో కార్విల్ వెళ్లారు. వేళ్లు వ్యాధి వల్ల రాలిపోవు, నొప్పి తెలియక తగిలే దెబ్బలు, కాలిన గాయాల వల్ల పోతాయి అని వైద్యలోకానికి నేర్పింది ఆయనే.

తరువాత జరిగింది ఇంకా ఆలోచించవలసిన సంగతి. 1999లో కార్విల్ ఆసుపత్రిని మూసివేసే సమయంలో మిగిలిన రోగులకు ప్రభుత్వం ఒక అవకాశం ఇచ్చింది. బయటికి వెళితే బ్రతికినంతకాలం సంవత్సరానికి 33,000 డాలర్లు ఇస్తామన్నది. ఉండదలచినవారు ఉండవచ్చునన్నది. కొందరు వెళ్లారు. కొందరు ఉండిపోయారు. హవాయి దీవులలోని కలౌపాపాలోనూ ఇలాగే జరిగింది. ఫాదర్ డేమియన్ 1873లో వెళ్లి, రోగులకు సేవ చేస్తూ తానూ రోగియై, 1889లో చనిపోయిన చోటు అది. 1866 నుండి సుమారు 8,000 మందిని అక్కడికి పంపారు. 1969లో నిర్బంధం ఎత్తివేశాక కూడా కొందరు కదలలేదు. జపాన్‌లో 1996లో గాని నిర్బంధ చట్టం పోలేదు. 2001లో కుమమోతో కోర్టు ఆ చట్టం తప్పని తీర్పు చెప్పి నష్టపరిహారం ఇప్పించింది. అక్కడ కూడా చాలామంది వృద్ధులు శానిటోరియం విడిచిపెట్టలేదు.

చూశారా, వారికి అక్కడే సుఖంగా ఉంది అని కొందరు అంటారు. మేము అలా అనలేము. ఇరవై ఏళ్ల వయసులో ఇల్లు, పేరు, పెళ్లి తీసుకుని డెబ్బై ఏళ్ల వయసులో తలుపు తెరిస్తే ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి?

మన దేశంలో 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం తెచ్చింది. బిచ్చమెత్తుకునే, దిక్కులేని రోగిని వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమంలో పెట్టవచ్చు. నోటిఫై చేసిన ప్రాంతాలలో రోగి తినుబండారాలు అమ్మకూడదు, ఊరి బావిలో నీళ్లు తోడుకోకూడదు, బాడుగ బండి ఎక్కకూడదు. రైలు పెట్టెకు మాత్రం మినహాయింపు! అదే జబ్బు ఉన్న కలవారు దర్జాగా తమ ఇంట్లో ఉండవచ్చు. అంటే పట్టుకున్నది వ్యాధిని కాదు, పేదరికాన్ని. చాలా రాష్ట్రాలు ముందే వదిలేసినా, కేంద్రం ఆ చట్టాన్ని 2016లో రద్దుచేసింది. కుష్ఠువ్యాధిని కారణంగా చూపి విడాకులు కోరే వీలు 2019 వరకు ఉండేది, మన క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కూడా.

మన మిషన్ల సంగతి కూడా చెప్పుకోవాలి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, సాలూరులో మిషనరీలు, ఎవరూ ముట్టనివారిని ముట్టి కట్లు కట్టారు. ప్రభువు ఆ రోగిని ముట్టి బాగుచేసిన సంగతి వారికి పని నేర్పింది. అయితే మన దేశంలోని మిషన్ ఆశ్రమాలు చాలావాటిలో ఆడవారిని, మగవారిని వేరుచేశారు. తల్లిదండ్రుల నుండి పిల్లలను తీసి వేరే హోములలో పెంచారు. మందు లేని రోజులలో పిల్లలను కాపాడటానికే చేశారు, నిజమే. ఆ తల్లులు ఏమనుకున్నారో మాత్రం మన వార్షిక నివేదికలలో ఎక్కువగా కనబడదు.

కంచెలు పడిపోవడానికి మందు ఒక కారణం. 1980లలో మూడు మందుల చికిత్స వచ్చింది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ వ్యక్తి నుండి ఇతరులకు అంటే ప్రమాదం పోతుంది. ఇంకొక కారణం, భయపెట్టినంతకాలం జనం మచ్చను చొక్కా కింద దాచుకోవడమే. పట్టుకుపోతారని తెలిస్తే ఎవరు చూపిస్తారు? ఇప్పటికీ మన దేశంలో ఏటా సుమారు లక్షమందికి కొత్తగా ఈ వ్యాధి బయటపడుతూ ఉంది. వారిలో ఆలస్యంగా వచ్చి చేతులు, పాదాలు పాడైనవారిని చూస్తే మాకు బాధ వేస్తుంది.

ఈ రోజున రోగి దగ్గర కోరేది చాలా కొంచెం. 6 నెలలు గాని 12 నెలలు గాని, నెలకొకసారి వచ్చి మందుల ప్యాకెట్ తీసుకోవాలి. మొదటి మాత్రలు మా ఎదుట వేసుకోవాలి. ఇంటిల్లిపాదిని ఒకసారి పరీక్షకు తీసుకురావాలి, వారి సమ్మతితోనే నివారణ మాత్ర ఇస్తారు. పేరు రిజిస్టరులో రాస్తాం, వీధిలో చెప్పం. ఉద్యోగం, బడి, ఆదివారం ఆరాధన ఏదీ మానక్కరలేదు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఇవే మందులు ఉచితం.

చర్మం మీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉండి, కళ్లు మూసుకుని పెన్ను కొనతో మెల్లగా తాకితే తెలియకపోతే చూపించండి. నిప్పుతో, సూదితో ఇంట్లో పరీక్షించకండి, కొందరు అలా చేసి పుండ్లతో వస్తున్నారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి అడిగితే ఆమెకైనా చూపించండి. ఇద్దరికీ చూపించినా ఫరవాలేదు, కార్డు మాత్రం ఒకటే రాస్తారు.