ఇంటనుండి చేయునుద్యోగము

2020వ సంవత్సరము నవంబరు మొదటి వారమున మూడు సంగతులు జరిగినవి. కరోనా వ్యాధివలన మార్చినుండి మూతబడియుండిన ఆంధ్రప్రదేశ్ పాఠశాలలు 2వ తేదీన తొమ్మిది, పది తరగతులవారికై తెరువబడెను. 5వ తేదీన భారత ప్రభుత్వపు టెలికాం శాఖవారు, టెలిఫోను, కంప్యూటరుల మూలమున దూరపువారికి సేవచేయు కంపెనీల ఉద్యోగులు ఇంటనుండి పనిచేయుటకు అడ్డుగా నుండిన నిబంధనలను తొలగించిరి. అంతకుముందు ఆ సడలింపును కొన్ని నెలలకొకమారు పొడిగించుచుండిరి. నాటినుండి యది శాశ్వతమయ్యెను. 7వ తేదీ మధ్యాహ్నము 3 గంటల 12 నిమిషములకు మన శ్రీహరికోటనుండి పి.యస్.ఎల్.వి. సి-49 రాకెట్టు, ఇ.ఓ.యస్.-01 అను ఉపగ్రహమును, అన్యదేశముల చిన్న ఉపగ్రహములు తొమ్మిదింటిని మోసికొని ఆకాశమున కెగసెను. లాక్‌డౌను పిమ్మట ఇచటి మొదటి ప్రయోగమదియే. ఆనాడు ఇస్రో అధ్యక్షులు కె. శివన్‌గారు, అంతరిక్షకార్యము ఇంటనుండి చేయదగినది కాదనియు, ప్రతి ఇంజనీరును ప్రయోగశాలకు రావలసినదే యనియు చెప్పిరి.

ఒకే వారమున ఇల్లు కచ్చేరి కావచ్చునని ప్రభుత్వము సమ్మతించెను. కాజాలదని మన ద్వీపమునుండి మాట వచ్చెను. రెండును నిజములే. ఏ పని యింటికి రాగలదు, వచ్చినయెడల ఇంటికేమగును అనునది విద్యార్థులును, వారి తలిదండ్రులును ఎరుగవలసిన విషయము.

ఇంట పనిచేయుట మనకు క్రొత్త కాదు. వేంకటగిరి నేతవారి యిండ్లలో మగ్గపు గుంట యింటిలోనే యుండును. భర్త నేయుచుండ భార్య కండెలు చుట్టును; బిడ్డలు ఆ చప్పుడులోనే పెరుగుదురు. యంత్రశాలలు వచ్చిన పిమ్మటనే పని యొకచోట, ఇల్లొకచోట నయ్యెను. ఏలయన ఆవిరియంత్రము నింటింటికి కొనిపోవుట కాని పని. మనుష్యుడే దానియొద్దకు పోవలసివచ్చెను. కచ్చేరి కాగితములకును ఇదే న్యాయము. కాగితములోని వ్రాత తంతులమీదుగా పోగలిగిన పిమ్మట ఈ నిర్బంధము సడలెను. 1973లో అమెరికాదేశీయుడగు జాక్ నిల్స్ ఈ పద్ధతికి టెలీకమ్యూటింగ్ అని పేరు పెట్టెను. ఆయన అంతకుముందు ఆకాశనౌకల పనిలో నుండినవాడగుట వింత. జనులను పనియొద్దకు మోయుటకంటె పనిని జనులయొద్దకు పంపుట చౌకయని ఆయన వాదము. నలువదియేడేండ్లు కొలదిమందియే పాటించిన ఆ మాట, 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చుటతో ఒక్కమారుగ ఆచరణలోనికి వచ్చెను.

పనిలో చేతికి తగులు వస్తువేదియో చూచిన భేదము తెలియును. అది వ్రాత, లెక్క, మాట అయినచో తంతిమీద పోగలదు. ఇనుము, మన్ను, చేప, రోగి శరీరము అయినచో పోజాలదు. పి.యస్.ఎల్.వి. సుమారు 44 మీటర్ల యెత్తు, 320 టన్నుల బరువుగల వాహనము. దాని నాలుగంచెలను ఒకదానిపై నొకటి నిలిపి బిగించుటకు మనుష్యులు దగ్గరనుండవలెను. ఐనను ఉపగ్రహము కక్ష్యలో ప్రవేశించిన పిదప దానిని బెంగుళూరులోని ఇస్రో కేంద్రమునుండి నడపుదురు. ఒకే కార్యములో సగము దగ్గరి పని, సగము దూరపు పని. పులికాటు సరస్సులో వలవేయువానికి, ఆసుపత్రి నర్సుకు, బస్సు డ్రైవరుకు ఈ దూరపు సగము లేదు. ఆ వ్యాధికాలమున ఇంట కూర్చుండగలవారికి అన్నమును, మందును తెచ్చినవారు ఇట్టివారే.

దీనివలని మేలు చిన్నది కాదు. సూళ్లూరుపేట ప్రక్క పల్లెనుండి మాయొద్ద చదివినవాడొకడు బెంగుళూరులో నుద్యోగి. ఇంటికి వచ్చి పనిచేయుటవలన గది అద్దె మిగిలెను. తండ్రి జబ్బుపడినప్పుడు ప్రక్కనుండి మందిచ్చెను. కాని యొకనాడు వాని తల్లి నాతో, “అయ్యవారూ, బిడ్డ ఇంట్లోనే ఉండాడు, అయినా ఇంటికొచ్చినట్టు లేదు” అనెను. అమెరికావారి పగలు మనకు రాత్రి. తలుపు మూసికొని తెల్లవారుదాక మాటలాడి, పగలు నిద్రించు కుమారునితో ఆమె ఎప్పుడు మాటలాడగలదు?

స్త్రీలకు ఇది రెండంచుల కత్తి. బిడ్డలను విడిచిపోలేని చదువుకొన్న తల్లికి జీతము దొరకును; కాని యింటనున్నది గదా యని వంటయు, చాకిరియు ఆమెమీదనే పడును. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు స్త్రీలకిట్టి యుద్యోగములు విరివిగా కల్పింతుమనియు, పట్టణములందును మండలములందును పనిచేయు తావులు ఏర్పడునట్లు ప్రోత్సహింతుమనియు ప్రకటించిరి. ఒకటే గది యున్న యింటివారికి ఇట్టి తావు ఇంటికంటె మేలు.

ఈ మార్పు నిలుచునా? 2020లో టి.సి.యస్. వారు, 2025 నాటికి ఉద్యోగులలో నూటికి 25 మందికి మించి కచ్చేరిలో నుండ నక్కరలేదనిరి. 2023 అక్టోబరునుండి వారే వారమునకు ఐదుదినములు రావలెననిరి. ఏలయన క్రొత్తగ చేరినవాడు పెద్దవాని ప్రక్కన కూర్చుండి నేర్చుకొనునది తెరమీద నేర్వలేడు. అయినను పూర్వస్థితి పూర్తిగ రాలేదు. షాంఘైలోని ఒక ప్రయాణ కంపెనీలో 1,612 మందిపై జరిపిన పరీక్ష 2024లో ప్రకటింపబడెను. వారమునకు రెండుదినము లింట పనిచేసినవారి పని తగ్గలేదు. ఉద్యోగము మానువారి సంఖ్య మూడవవంతు తగ్గెను. ఇట్టి మధ్యమార్గమునే అనేకులు అనుసరించుచున్నారు.

ఉపాధ్యాయుడనగు నేనును ఇంటనుండి పనిచేసినవాడనే. ఫోనులో పాఠములు పంపితిని. దూరదర్శన్ సప్తగిరిలో పాఠములు వచ్చుచుండెను. నా పని జరుగుచున్నదని తలచితిని. నవంబరులో హాజరుపట్టీ పిలుచునప్పుడు ఒక బాలిక పేరునకు బదులు రాలేదు. వారింట ఉన్న ఒక్క ఫోను తండ్రి కూలికి పోవునప్పుడు తీసికొనిపోవుచుండెనట. నేను పంపిన పాఠములలో నొకటియు ఆమెకు చేరలేదు. తరగతిలో నైనచో ఆమె ముఖము చూచియే ఆ సంగతి తెలిసికొనియుందును. ఆమె యింటికి ముమ్మారు పోయి మాటలాడిన పిమ్మట, సంక్రాంతి వెళ్లినతరువాత మరల వచ్చెను.

కావున తలిదండ్రులకు మనవి. మీ బిడ్డ యింట పనిచేయుచున్నయెడల అది నిజమైన పనియే యని యెంచి, దానికొక చోటును, వేళను విడువుడు. వేళ ముగిసిన పిమ్మట తలుపు తెరువుమని యడుగుడు. విద్యార్థులారా, పైన కనిపెట్టువాడు లేనప్పుడు పనిచేయుట ఇప్పటినుండి అభ్యసింపుడు. రేపు మీరు రాకెట్టుయొద్ద నిలిచినను, ఇంటి మూలను కూర్చున్నను, ఆ యభ్యాసము మీకక్కరకు వచ్చును.